దిగే నంబర్

మా సరోజనక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి గూడూరు మండలంలో ఆమెను ఎరిగినవాళ్లందరికీ తెలుసు. తెలియనిదల్లా మహబూబాబాద్ దవాఖానలో మా బండ్ల ఆఫీసు చూసుకునే భరత్‌కే. అతనికి తెలిసొచ్చిన రోజున నేను పక్క మంచం మీదనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. ఆమె భర్త నర్సింగరావు ఊర్లో పెద్ద ఆసామి. సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వ్ అయిన ఏడాది భార్యను నిలబెట్టి గెలిపించుకున్నాడు. మొదటి మీటింగ్‌లో కుర్చీలో తానే కూర్చుని, ఆమెను లోపల చాయ్ పెట్టమన్నాడు. ఆమె చాయ్ పెట్టింది, అందరికీ పోసింది. తీర్మానం మీద సంతకం కోసం పుస్తకం లోపలికి పంపితే మాత్రం, "కుర్చీల కూసున్నాయన్నే పెట్టమనుండ్రి" అని తిప్పి పంపింది. సంతకం లేక ఊర్లో పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వీధి దీపాలు కాలిపోతే మార్చే దిక్కులేదు. ఊరంతా ఆమెనే తిట్టింది. ఆమె ఉలకలేదు, పలకలేదు. వానాకాలం వెళ్లేసరికి నర్సింగరావే కుర్చీ వదిలి గోడకు ఆనుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, పాపం. అలవాటు, అంతే.

తర్వాత ఆమెకు షుగర్ వచ్చింది. షుగర్ కిడ్నీలు తినేసింది. నా కథా అదే. నా పేరు రాజమౌళి, గూడూరులో ఎరువుల దుకాణం ఉంది, అందరూ సేటు అంటారు. దినం విడిచి దినం మేమిద్దరం ఒకే బండిలో మహబూబాబాద్ పోయి, నాలుగేసి గంటలు మిషన్ మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వస్తాం. బండి ఉచితం. నడవలేనివాళ్లను, డయాలసిస్ వాళ్లను ఇంటి నుంచి తీసుకెళ్లి మళ్లీ ఇంటి దగ్గర దింపడానికి సర్కారు డబ్బులిస్తుంది, ఒక సంస్థ బండ్లు నడుపుతుంది. మా బండి డ్రైవర్ హరిలాల్ గూడూరువాడే.

మా బండిలో మూడో మనిషి గంగి. కొత్తగూడ అడవిలో ఒక తండా ఆమెది. ఆమె భర్త గోప్యా పోడు చేస్తాడు. తండాకు బండి పోదు. మధ్యలో వాగు ఉంది. గోప్యా ఆమెను వీపు మీద వేసుకుని వాగు దాటించి తారురోడ్డు మలుపు దాకా తెచ్చేవాడు. హరిలాల్ చీకటితోనే గూడూరులో బయలుదేరి ఆ మలుపు దగ్గర ఆగేవాడు. వాగు ఎక్కువగా పారిన రోజు గోప్యాకు ఆలస్యమయ్యేది. హరిలాల్ బండి ఆపి బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఫోన్ చేసుకుందామన్నా అక్కడ సిగ్నల్ ఉండదు. వచ్చేదాకా ఆగడం, వచ్చాక పోవడం, అంతే లెక్క. గంగిని ఎక్కించుకుని వెనక్కి గూడూరు వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేవాడు.

మొదట్లో గంగి సరోజనక్కను దొరసాని అని పిలిచి, సీటు ఖాళీగా ఉన్నా కింద కూర్చునేది. సరోజనక్క గొంతు తగ్గించి, "బండి నాది కాదు, నీది కాదు. సీట్ల కూసో. ఇంకోసారి దొరసాని అన్నవనుకో, నేను కూడ కిందనే కూసుంట. మోకాళ్లు వంగయి నాకు, లేపుడు నీ పనే" అంది. గంగి భయపడి సీట్లో కూర్చుంది. అప్పటి నుంచి అక్కా అనే పిలుస్తుంది. అలాగని సరోజనక్క ఆమెను ముద్దు చేసిందనుకోకండి. ఎక్కగానే గంగి పాదాలు నొక్కి చూసేది. మా జబ్బుకు నీళ్లు కొలిచి తాగాలి, ఎక్కువైతే ఒళ్లు ఉబ్బుతుంది. వేలు పెట్టినచోట గుంట పడితే, "మల్ల నీళ్లు తాగినవానే" అని గూడూరు నుంచి దవాఖాన దాకా తిట్టేది. తానేమో సంచిలో మంచుగడ్డ ముక్కలు ఫ్లాస్కులో తెచ్చుకుని, దాహమైనప్పుడు ఒకటి తాను చప్పరిస్తూ ఒకటి గంగి నోట్లో పెట్టేది. నాకు అడిగితే తప్ప ఇచ్చేది కాదు.

ఆ ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక బండ్ల యాప్‌కు కొత్త వర్షన్ వచ్చింది. భరత్ డయాలసిస్ వార్డు బయట మా అందరినీ కూర్చోబెట్టి, బిస్కెట్లు పంచి, కొత్త సౌకర్యాలు వచ్చాయని చెప్పాడు. ఎవరికి సౌకర్యమో చెప్పలేదు. ఇక నుంచి ఎవరిని ఎప్పుడు ఎక్కించుకోవాలో హరిలాల్ కాదు, యాప్ చెబుతుందట. బండి మన దగ్గరికి రాగానే మన ఫోన్‌కు ఒక నంబర్ వస్తుంది, అది ఎక్కే నంబర్. పది నిమిషాల్లో అది డ్రైవర్‌కు చెప్పకపోతే 'ప్యాసింజర్ రాలేదు' అని యాప్ తనంతట తానే రాసుకుంటుంది. మూడుసార్లు రాలేదంటే నెల రోజులు బండి బంద్. దవాఖాన చేరాక ఇంకో నంబర్ వస్తుంది, అది దిగే నంబర్. అది చెబితేనే ప్రయాణం ముగిసినట్టు, అప్పుడే సర్కారుకు బిల్లు తయారవుతుంది. అంతకుముందు ఎక్కనివాళ్లను ఎక్కినట్టు రాసి దొంగ బిల్లులు పెట్టారట, అందుకని ఇది.

దొంగ బిల్లులు పెట్టింది మేమా? మాకెందుకు ఈ పరీక్ష అని నేను అడిగాను. భరత్ నవ్వి ఇంకో బిస్కెట్ ఇచ్చాడు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. గంగి బండికి పేరు రాయించుకున్నప్పుడు ఫోన్ నంబర్ అడిగితే గోప్యా సరోజనక్క నంబర్ ఇచ్చాడు. తండాలో సిగ్నల్ లేదు, గోప్యా ఫోన్ పాటలు వినడానికి తప్ప పనికిరాదు. దవాఖానవాళ్లు ఏదైనా కబురు చెప్పాలంటే అక్కకు చెబితే గంగికి చేరుతుంది కదా అనుకున్నాడు. మా దగ్గర అందరూ చేసే పనే అది. నా దుకాణం నంబర్ మీద గ్యాస్ బండ రాయించుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకే తెలియదు.

కొత్త వర్షన్ వచ్చిన మర్నాడు తెల్లవారుజామున హరిలాల్ మలుపు దగ్గర ఆగాడు. గంగి ఎదురుగా నిలబడి ఉంది. సిగ్నల్ పోకముందే టైము లెక్కగట్టి యాప్ పంపిన ఎక్కే నంబరేమో గూడూరులో సరోజనక్క ఫోన్‌కు వచ్చింది. అడుగుదామంటే అక్కడ సిగ్నల్ లేదు. పది నిమిషాలు అయ్యాయి, యాప్ 'రాలేదు' అని రాసుకుంది. హరిలాల్ ఎలాగూ ఆమెను ఎక్కించుకునే వచ్చాడు. గూడూరులో సరోజనక్క కళ్లద్దాలు పెట్టుకుని నంబర్ చదివింది. యాప్ తీసుకోలేదు. బండిలో మా మధ్యన కూర్చుని మంచుముక్క చప్పరిస్తున్న మనిషి యాప్ లెక్కలో ఆ రోజు రానేలేదు.

దిగగానే భరత్‌కు చెప్పాం. పైకి రాస్తానన్నాడు. రెండు రోజులకు మళ్లీ అదే జరిగింది, మళ్లీ చెప్పాం, రాశానన్నాడు. మూడోసారి వార్డులో సిస్టర్ మమత కూడా వచ్చి, "భరత్, ఆమె రాకపోతే నేను సూది ఎవరికి పెట్టిన?" అని అడిగింది. భరత్ తల గోక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, సరోజనక్క ఇంకా మామూలు గొంతుతోనే మాట్లాడుతోంది కాబట్టి నేనూ ఊరుకున్నాను.

నాలుగోసారి బండి మా ఇంటి ముందుకు గంట ముందే వచ్చింది. గంగి సీటు ఖాళీ. సరోజనక్క అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది.

"గంగి ఏది?" అన్నాను.

హరిలాల్ అద్దంలోంచి నా ముఖం చూడలేదు. "పేరు తీసేసిండ్రు సేటు. నెల దాక లేదంట. కొత్తగూడ దిక్కు పోవుడే చూపిస్తలేదు ఫోన్ల. పోతే రూటు తప్పినవని గంట కొడ్తది, బండి గుంజుకుంటరు."

"మరి వాళ్లకు చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె? సిగ్నల్ లేదాయె. మలుపు కాడ కూసోని ఉంటరు ఇద్దరు."

నెల రోజులు. మాకు రెండు దినాలు తప్పితే ఊపిరి బరువవుతుంది. నాలుగు దినాలు తప్పితే పడుకోలేం, ఒంట్లో చేరిన నీళ్లు గుండెను నొక్కేస్తాయి. వారం తర్వాత సంగతి మేం మాట్లాడుకోం. మా వార్డులో అలా మంచాలు ఖాళీ అవడం చూశాం. నెల ఆగితే గంగి ఉండదు. ఇందులో అనుమానం లేదు, ఇది హరిలాల్‌కు తెలుసు, నాకు తెలుసు. సరోజనక్కకూ తెలుసు. దారి పొడుగునా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

దవాఖాన ముందు బండి ఆగింది. ఆమె ఫోన్ టింగుమంది. నాదీ టింగుమంది.

"నంబర్ చెప్పక్కా," అన్నాడు హరిలాల్.

"చెప్ప." ఆ ఒక్క మాటకు గొంతు ఎంత తగ్గిందంటే పక్కనున్న నేనే సరిగా వినలేదు.

"అక్కా, నంబర్ చెప్పకుంటే ప్రయాణం బంద్ కాదు. నువ్వు ఇంక బండిలనే ఉన్నట్టు చూపిస్తది. నాకు ఇంకో పని ఇయ్యది."

"ఏ దారిన పోయినా గంట కొడ్తదా?"

హరిలాల్ ఆలోచించాడు. "మనిషి బండిల ఉంటే కొట్టది. దారి మూసుకపోతే తిరిగి పోవాల్నాయె. ఎక్కించుకున్నంక డ్రైవర్ ఇష్టం."

"మంచిది. నేను ఇంకా దిగలే," అంది సరోజనక్క, కాళ్లు కింద పెట్టి దిగుతూ. "సేటు కూడ దిగలే. మా ఇద్దర్ని ఎక్కించుకోని మలుపు కాడికి పో. గంగిని తీస్కరా. అడిగితే మా పేరు చెప్పు, నీ పేరు చెప్పకు."

నా తరఫున ఆమె మాట ఇచ్చేసింది. నన్ను అడగలేదు. అడిగితే కొంచెం ఆలోచించేవాణ్ణేమో. ఫోన్ జేబులో వేసుకుని దిగాను. హరిలాల్ ఒక్క క్షణం స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. అతని జీతం ఆ బండి మీదే. తర్వాత గేరు వేశాడు.

మిషన్ ఎక్కించి గంట కాలేదు, భరత్ వార్డులోకి ఉరికొచ్చాడు. చేతిలో ట్యాబ్. అందులో మా బండి గుర్తు గూడూరు దాటి కొత్తగూడ వైపు కదులుతోంది, పక్కన మా ఇద్దరి పేర్లు. మంచం మీద సరోజనక్కను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడమ్, మీరు ఇక్కడున్నరు. సిస్టంల మాత్రం బండిల పోతున్నరు."

"పోతున్న," అంది ఆమె. "ఏం బిడ్డా, గంగి మూడుసార్లు బండిల వస్తే సిస్టంల రాలే. ఇయ్యాల నేను బండిల లేను, సిస్టంల ఉన్న. సిస్టం చేసింది తప్పు కానప్పుడు, నేను చేసింది ఎట్ల తప్పయితది?"

"అది మీ ఫోన్‌కు నంబర్ పోవుడు వల్ల..."

"నా ఫోన్‌కు పోయింది. అక్కడ సిగ్నల్ లేదు. అందుల గంగి చేసిన తప్పేందో చెప్పు."

భరత్ హరిలాల్‌కు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసేసరికి మోగడమే మానేసింది. కొత్తగూడ అడవిలో సిగ్నల్ లేకపోవడం మాకు మొదటిసారి పనికొచ్చింది.

"మేడమ్, నా చేతిల ఏం లేదు. పైనుంచి నెల అని పెట్టిండ్రు. నెల తర్వాత ఆమె వేరే నంబర్‌తోని మల్ల రాయించుకోవాలె."

"నెల తర్వాత ఎవరు రాయించుకోవాలె? గోప్యా రాయించుకోవాల్నా, చచ్చిపోయిందని?" సరోజనక్క సూది గుచ్చిన చేయి కదలకుండా రెండో చేత్తో దిండు కింది ఫోన్ తీసి చూపించింది. "నీ చేతిల ఏం లేదన్నవు గదా. నా చేతిల ఉన్నది. గంగి పేరు మల్ల ఎక్కేదాక నేను దిగ."

భరత్ కోపం తెచ్చుకున్నాడు. తెచ్చుకోవాల్సిందే, కుర్రవాడు, అతని ఉద్యోగం కూడా దాని మీదే. "ఆ బండి మధ్యాహ్నం తొర్రూరు పోవాలె. అక్కడ కాలు లేని ముసలాయన ఎదురుచూస్తడు. ఆయన గతి ఏంది? మీ పంతానికి ఆయన పోవాల్నా?"

ఆ మాటకు సరోజనక్క చూపిస్తున్న ఫోన్ దించేసింది. ఆమె అలా తడబడటం నేను అంతకుముందు చూడలేదు. 

"ఆయన్ను తెమ్మను," అంది చివరికి. "మీ ఆఫీసోళ్లు తిరిగే కారు దవాఖాన వెనుక నిలవడి ఉన్నది, నేను దిగంగ చూసిన. దాన్ని పంపు. పంపకుంటే నాకు చెప్పు, నర్సింగరావుకు ఫోన్ చేసి మా కారు తెప్పిస్త. ముసలాయన్ను అడ్డం పెట్టి నన్ను దింపాలనుకోకు."

భరత్ బయటికి వెళ్లి కారు పంపాడు. అది అతని గొప్పతనం, కాదనను.

ఇక నా పని మొదలైంది. నాకు సరోజనక్కంత గుండె లేదు గానీ నోరుంది. ఎరువుల కొట్టు నడిపేవాడికి నోరే పెట్టుబడి. అటు పక్క మంచం మీదున్న కేసముద్రం మేస్త్రీకి సంగతి చెప్పాను. అతను పక్కావిడకు చెప్పాడు. తొలి జట్టు మిషన్లు దిగి, అప్పుడే వస్తున్న రెండో జట్టుకు సంగతి అందించింది. గుమ్మం దగ్గర డ్రైవర్లు దిగే నంబర్ అడుగుతుంటే వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఒకాయన ఫోన్ ఇంట్లో మరిచానన్నాడు, చేతిలోనే పట్టుకుని. ఒకావిడ, "గంగి దిగినంక నేను దిగుత" అంది. ఆమె గంగిని ఎన్నడూ చూడలేదు. సంస్థవాళ్ల బండ్లన్నీ దవాఖాన ముందు ఆగి ఉన్నాయి, యాప్‌లో మాత్రం అన్నీ మనుషులతో నిండి ఎక్కడికో పోతూనే ఉన్నాయి.

హరిలాల్ బండి వచ్చింది. గోప్యా గంగిని వీపు మీదే లోపలికి తెచ్చాడు. పొద్దున్నుంచీ మలుపు దగ్గర తడిసిన నేల మీద కూర్చున్నారట. బండి రాదేమోనన్న ఆలోచనే వాళ్లకు రాలేదట. గంగి ముఖం ఉబ్బిపోయి ఉంది, మాట మాటకూ ఆయాసం. సిస్టర్ మమత సరోజనక్క అప్పుడే లేచిన మంచం మీద దుప్పటి మార్చి ఆమెను పడుకోబెట్టింది. సరోజనక్క అలవాటుగా పాదం నొక్కి చూసింది. వేలు లోపలికి దిగిపోయింది. ఆ రోజు మాత్రం ఆమె తిట్టలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని ఆ పాదాన్ని అలాగే పట్టుకుంది.

భరత్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. అప్పటిదాకా గంగి అతని లెక్కలో ట్యాబ్‌లో ఒక వరుస, అంతే. ఫోన్ తీసి హైదరాబాద్‌లో తన పై అధికారికి చేశాడు. ఈసారి వార్డులోంచే, అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"సర్, రాలేదన్న మనిషి నా ముందర ఉన్నది. నేను చూస్తున్న. ఇయ్యాల తేకుంటే వారం కూడ ఉండకపోతుండె సర్... లేదు సర్, నెల ఆగదు. బండ్లు ఒక్కటి కూడ క్లోజ్ కాలే. ఎవ్వరు చెప్తలేరు... నేను బతిమాలుడు అయిపోయింది సర్, మీరొచ్చి బతిమాలుండ్రి."

పొద్దు వాలేలోపు గంగి పేరు మళ్లీ ఎక్కింది. సిగ్నల్ లేనిచోట మనిషి వచ్చిందో లేదో డ్రైవరే రాసుకునేలా మార్చారు. హరిలాల్‌ను ఒక్క మాట అనకూడదని సరోజనక్క భరత్ చేత చెప్పించుకుంది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని తన దిగే నంబర్ చదివింది. నేను నాది చదివాను. వార్డంతా చదివింది, సంతలో వేలం పాట పాడినట్టే ఉంది ఆ గోల. ఆ రోజు నేనూ సరోజనక్కా పొద్దున తొమ్మిదిలోపు దవాఖాన చేరి, కొత్తగూడ దాకా పోయి వచ్చి, సాయంత్రం మళ్లీ దవాఖాన చేరినట్టు బిల్లు అయింది. అందులో ఒక్క అంకె అబద్ధం కాదని ఇవాళ్టికీ నా వాదన.

ఇది జరిగి కొన్నాళ్లే అయింది. మొన్న ఇంకో కొత్త వర్షన్ వచ్చింది. భరత్ మళ్లీ కూర్చోబెట్టాడు. బిస్కెట్లు లేవు. మా ముఖాలు చూడకుండా చెప్పాడు. దవాఖాన చేరిన అరగంటలో ఎవరూ నంబర్ చెప్పకపోతే ప్రయాణం దానంతట అదే ముగుస్తుందట. ఇక మమ్మల్ని దిగే నంబర్ అడిగే అవసరం పెద్దగా ఉండదట, మాకు శ్రమ తగ్గుతుందట.

గంగి సరోజనక్క వైపు చూసింది. "అక్కా, మల్ల నా పేరు తీస్తే ఎట్ల?" అంది చిన్నగా.

సరోజనక్క సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూత తిప్పి, ఒక మంచుముక్క గంగి నోట్లో పెట్టింది. తర్వాత భరత్ వైపు తిరిగింది. వినడానికి అందరం ముందుకు వంగాం.

"నంబర్ వద్దంటే మంచిదే బిడ్డా. మీ పైనోళ్లకు చెప్పు. గంగి సీటు ఖాళీగుంటే, ఇగ నంబర్ దాసుడు లేదు. మేము బండే దిగం."

"దిగకుంటే మీ డయాలసిస్ ఎట్ల మేడమ్? మీ పాణం పోతది."

"అది కూడ యాప్‌ల రాసుకోమను," అంది సరోజనక్క.